ఒకే రేకు, ఎన్నెన్ని రంగులో

చేత్తో తీసే రంగుల అచ్చుల్లో మామూలుగా రంగుకో రేకు కావాలి. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి ఆ లెక్కనే మార్చేశారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, తర్వాత పారిస్‌లో హేటర్ అనే చిత్రకారుడు నడిపే అటెలియే 17 అనే అచ్చుల కార్యశాలకు చేరారు. అక్కడ కైకో మోతీ వంటి తోటివాళ్లతో కలిసి పట్టుకున్న కిటుకు వింటే వంటింటి సంగతిలా ఉంటుంది: సిరాలో అవిసె నూనె పాలు కాస్త ఎక్కువ, కాస్త తక్కువ. అంతే!

ముందు రేకును ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. నూనె ఎక్కువున్న పల్చటి సిరాను గట్టి రోలర్‌తో దొర్లిస్తే మిట్టలకే అంటుతుంది. తర్వాత మెత్తటి రోలర్ మీద చిక్కటి సిరా. రోలర్ అణిగి పల్లాల్లోకి దిగుతుంది. నూనె తడి ఉన్న మిట్టల మీద మాత్రం ఆ సిరా పట్టదు. రెండు రంగులూ పక్కపక్కనే, కలిసిపోకుండా. ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే చాలు.

ఆయన శిల్పి కూడా. రేకును చిన్న రాతిపలకలా చూశారేమో అనిపిస్తుంది నాకు. ఆయన తీసిన ‘వర్ల్‌పూల్’ అచ్చు చూడండి: సుడి రూపం కన్నా దాని లాగుడే ముందు తగులుతుంది. ఇలాంటి అచ్చుల్లో నూనె ఒక్క చుక్క అటూఇటూ అయితే అచ్చు ఛాయే మారిపోతుంది. నాకైతే ఆ తేడాలే ఇష్టం.