రౌతు చెయ్యి

'జనం మీద స్వారీ చేస్తున్నారు' అని రాజకీయ వార్తల్లో చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పెత్తనానికి ఆ మాటను అంటగట్టేశాం. కుకునూరుపల్లిలో పెరిగి, గుర్రమెక్కడం నేర్చుకున్న నాకు తెలిసిన సవారి అది కాదు.

పారసీలో సవార్ అంటే గుర్రమెక్కినవాడు. నిజాం కాలంలో కచేరీల భాష ఉర్దూ. దాని వెంట వచ్చిన ఈ మాట మన పల్లెల్లో గుర్రాన్ని దాటి చాలా దూరం పోయింది. గూడు కట్టిన ఎడ్లబండి సవారి కచ్చురమైంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే కొమురవెల్లి మల్లన్న జాతరకు, పెళ్లిళ్లకు ఇంటిల్లిపాదీ బండ్లు కట్టుకునే పోయేవారు. హైదరాబాద్ ఆటోవాలాకు బండెక్కిన మనిషే సవారీ. మొహర్రం వస్తే పీర్లు సవారి బయల్దేరుతాయి. అక్కడ పీరునెత్తుకున్న మనిషే వాహనం. కులమతాలు చూడకుండా ఊరంతా పీరుకు దట్టీలు కడుతుంది, మోసేవాడి కాళ్ల మీద నీళ్లు పోస్తుంది. ఎక్కినవారితో పాటు మోసేవాడికీ మొక్కే సవారి అది.

గుర్రం మీద నేర్వాల్సిందీ ఆ మర్యాదే. గుర్రం నోట్లో ముందు పళ్లకూ దవడ పళ్లకూ నడుమ ఖాళీ ఉంటుంది. కళ్లెం ఇనుము ఆనేది అక్కడి ఉత్త చిగుళ్ల మీద. పగ్గం గట్టిగా గుంజితే గుర్రం తల ఎగరేస్తుంది, మెడ బిగబడుతుంది, నడక చెడుతుంది. మామూలు నడకలో నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. దుల్కీ పరుగులో ముందు కుడికాలు, వెనక ఎడమకాలు జతగా పడతాయి, ఆ వెంటే రెండో జత. ఆ తాళానికి రౌతు లేచి కూర్చుంటూ ఉండాలి. లేదంటే ప్రతి కుదుపూ గుర్రం వెన్నుకే తగులుతుంది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. నిజమే. అయితే ఆ గట్టితనం ఉండాల్సింది నడుములో, తొడల్లో. చెయ్యి మాత్రం మెత్తగానే ఉండాలి. ఈ రెండూ ఒకే ఒంట్లో కుదరడానికి ఏళ్లు పడుతుంది.

అందుకే పెత్తనాన్ని పెత్తనమనే రాద్దాం. కింద ఉన్న ప్రాణి నడకను తన ఒంటికి పట్టించుకున్నవాడిదే సవారి. పాలించేవారిని రౌతుతో పోల్చదలిస్తే, అవతలి నొప్పి ఆ చేతికి తెలుస్తోందా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.