తొలి రెండు సెకనుల ధ్వని

హైదరాబాదు నిజాంపేటలోని బహుళాంతస్తుల భవనముల క్రింద, సెల్లారులలో రాత్రి యంతయు నిలిచిన కారులు ఉదయమున హైటెక్ సిటీవైపు బయలుదేరునపుడు, కొన్నింటినుండి గలగలమను లోహశబ్దము రెండు మూడు సెకనులపాటు వెలువడి, యజమాని బానెట్టు నెత్తులోపలనే అంతరించును. పోయినదికదా యని పలువురు ఉపేక్షింతురు. నిజమునకు ఇంజను తన అంతర్గతస్థితిని అంత స్పష్టముగా వెల్లడించు సమయము మరియొకటి లేదు. ఆ శబ్దమును విని, మూలము నెఱిగి, అవసరమైనంత మాత్రమే విప్పి సరిచేయు మెకానిక్కుల విద్య మన నగరమున ఇంకను సజీవముగా నున్నది. దానిని గురించి కొంత విస్తరించి వ్రాయుట ఉచితమని తోచినది.

హైదరాబాదునకు మోటారు ఇంజనులతోడి పరిచయము నిన్న మొన్నటిది కాదు. నిజాం రాష్ట్ర రైల్వేవారు 1932లోనే 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖ నెలకొల్పిరి. పిమ్మట అంబాసిడరు, ఫియట్ కారులు నడిచిన దశాబ్దములలో, రాణీగంజు విడిభాగముల అంగళ్లకును బాలానగరు లేతుపనివారికిని నడుమ తిరుగుచు, షెడ్డులో ఉస్తాద్ ప్రక్కన నిలిచి పానాలందించుచు పెరిగిన బాలురే తరువాతి తరమునకు ఉస్తాదులైరి. 1489 సి.సి. అంబాసిడరు పెట్రోలు ఇంజనులో టాపెట్ల సందు అంగుళములో వేయింట పదునైదు వంతులుండవలెను. ఫీలరు గేజి రేకును ఆ సందున జొనిపి, అది వ్రేళ్లకు తగిలెడి పట్టునుబట్టి స్క్రూ బిగించుట వారికి చేతిపాఠము. సందు హెచ్చిన టకటకయు, చైను వదులైన గలగలయు, బేరింగు అరిగిన బరువైన డబడబయు వేర్వేరని గ్రహించుట చెవిపాఠము.

నేటి ఇంజనుల నిర్మాణము మారినను ఆ చెవిపాఠమునకు కాలము చెల్లలేదు. ఇంజను ఆగియున్నపుడు ఆయిలు క్రిందనున్న సంపులోనికి దిగిపోవును. స్టార్టు చేసినంతనే పంపు దానిని పీల్చి, ఫిల్టరుగుండ నడిపి, తుదకు పైనున్న క్యాంషాఫ్టులదాక చేర్చవలెను. టైమింగు చైనును బిగువుగా నిలుపు టెన్షనరు పెక్కు ఇంజనులలో ఈ ఆయిలు ఒత్తిడిచేతనే పనిచేయును గనుక, ఒత్తిడి అందునంతవఱకు చైను వదులుగానుండి గైడులను, కవరును కొట్టుకొనవచ్చును; అందినంతనే శబ్దము ఉడుగును. చాల ఫిల్టరులలో ఆయిలు వెనుకకు జారిపోకుండ ఆపెడి రబ్బరు వాల్వు ఒకటి కలదు. అది గట్టిపడినచో రాత్రికి రాత్రి ఫిల్టరు ఖాళీయై, మఱునాటి ఉదయమున ఒత్తిడి ఆలస్యముగా అందును. కావున వేలకొలది రూపాయల చైను మార్పు తప్పదని యజమాని భయపడిన దోషము ఒక్కొక్కప్పుడు మేలైన ఫిల్టరుతోనే తొలగిపోవును. ఈ తారతమ్యము నెఱుగుటయందే మెకానిక్కు ప్రజ్ఞ యంతయు నున్నది.

"రాత్రికి బండి ఇక్కడే ఉంచి వెళ్లండి సార్, పొద్దున నేనే స్టార్ట్ చేసి వింటాను" అని చెప్పెడి మెకానిక్కును నేను నిస్సంశయముగా నమ్ముదును. షెడ్డుదాక నడిపి తెచ్చిన కారు అప్పటికే వేడెక్కియుండును. ఆ వేడిలో శబ్దము దాగిపోవును. తెల్లవారిన పిదప అతడు మొదట డిప్‌స్టిక్కు తీసి ఆయిలు మట్టమును, రంగును చూచును. శిష్యుడు తాళము త్రిప్పుచుండగా, తాను పొడవైన స్క్రూడ్రైవరు మొనను చైను కవరుపై మోపి, పిడిని చెవికి ఆనించి, వైద్యుడు నాడి పట్టినట్లు వినును. పిదప మొనను సంపు ప్రక్కకును, ఆల్టర్నేటరువద్దకును మార్చును. సైలెన్సరు గొట్టముపై వదులైన వేడికవచపు రేకు కూడ ఇట్లే గలగలలాడును గనుక, ఇంజను చల్లగానున్నపుడే దానిని చేతితో తట్టి చూచును. శబ్దము ఆగక, యాక్సిలరేటరు త్రొక్కినకొలది బరువెక్కినచో అది బేరింగుల వ్యవహారము కావచ్చును. అట్టి కారును ఒక్క కిలోమీటరైనను నడపరాదు.

దోషపు కోడులు చదివెడి స్కానరు నిరుపయోగమని నా అభిప్రాయము కాదు. చైను మిక్కిలి సాగి, క్రాంకుకును క్యాముకును పొత్తు తప్పినపుడు పి0016 వంటి కోడు దానియందు కనబడవచ్చును. అయితే దోషము అంత ముదురకమునుపే చెవికి తెలియును. కోడు లేదు గనుక దోషము లేదనుట తొందరపాటు.

నిజాంపేట రోడ్డుమీద జె.ఎన్.టి.యు. కూడలిదాక ప్రాకుచు పోయెడి కారులో మీటరులో కిలోమీటరులు అంతగా కదలకున్నను ఇంజను తిరుగుచునే యుండును. కావున మీటరును మాత్రమే నమ్మి ఆయిలు మార్చువారు, గంటల లెక్కను విస్మరించి, మడ్డిపట్టిన ఆయిలుతో చైనును అరుగదీయుచున్నారు. ఇంటినుండియే ఉద్యోగము చేయువారి కారులు రోజుల తరబడి కదలక నిలుచుటచే ఆయిలు పూర్తిగా దిగిపోవుట ఈ శబ్దమునకు మరియొక కారణము. ఇట్టి వాటికి శబ్దమణగునని 5డబ్ల్యు-30 వలసినచోట 20డబ్ల్యు-50 పోసి పంపెడి ఆచారమును ఖండింపక తప్పదు. చిక్కని ఆయిలు చల్లని ఇంజనులో ఇంకను మందగతిని పైకెక్కును; శబ్దము మఱుగుపడినను అరుగుదల ఆగదు.

చైను నిజముగా సాగినపుడు చైనుతోపాటు గైడులు, టెన్షనరు, అవసరమైన పండ్లచక్రములు కలిపి మార్చుటయే క్రమము. 1248 సి.సి. డీజిలు ఇంజనుగల స్విఫ్టు వంటి కారులలో ఈ పనికి క్రాంకును, క్యాములను పిన్నులతో బంధింపవలెను. బిగింపు ముగిసిన పిమ్మట నేర్పరి వెంటనే తాళము త్రిప్పడు. పిన్నులు తీసి, క్రాంకును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, క్యాము ఒక చుట్టు తిరిగి మరల యథాస్థానమునకు వచ్చినదని నిశ్చయించుకొనును. ఒక్క పన్ను తప్పినను వాల్వులు పిస్టనులను తాకి ఇంజను నాశనము కావచ్చును.

ఇంత శ్రమలో వినుటకు, రాత్రి నిలుపుటకు, విప్పకుండనే దోషమును నిర్ణయించుటకు మన బిల్లులలో పద్దు లేదు. రేకు బిగించి పంపినవానికి స్వల్పమిచ్చి, అనవసరముగా చైను మార్చినవానికి వేలు చెల్లించుచున్నాము. పరీక్షకు వేరుగా రుసుము వ్రాయించుకొను షెడ్డు కనబడినచో నిజాంపేటవాసులు బేరమాడక చెల్లింతురుగాక!