వాత, చురక, కాపడం: ఉత్తరాంధ్ర నుడిలో ఉష్ణచికిత్స – జపాన్ సంప్రదాయంతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
శరీరానికి వేడి తగిలించి బాధను పోగొట్టే పద్ధతులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంటివైద్యంలోనూ, జపాన్ ఆక్యుపంక్చర్, మోక్సా సంప్రదాయంలోనూ కనిపిస్తాయి. ఆ పద్ధతులకు ఏర్పడిన పేర్లు, వాటి అలంకారప్రయోగాలు ఆధారంగా ఈ వ్యాసం రెండు సంప్రదాయాలను తులనం చేస్తుంది. చికిత్సాఫలితాలను నిర్ణయించడం దీని ఉద్దేశం కాదు. జానపద వైద్యంపై జరిగే తెలుగు పరిశోధనకు అవసరమైన విమర్శదృష్టిని ప్రతిపాదించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: జానపద వైద్యం, వాత, కాపడం, మోక్సా, అగ్నికర్మ, కళింగాంధ్ర కథ.

1. ఉపోద్ఘాతం:
జానపద వైద్యంపై వచ్చే పరిశోధనవ్యాసాలలో ఎక్కువ భాగం సేకరణతో ముగుస్తాయి. రోగం పేరు, ఆకు పేరు, వాడే విధానం పట్టికగా ఇచ్చి, పూర్వుల విజ్ఞానాన్ని ప్రశంసించి విరమించడం పరిపాటి. మూలికల విషయంలో ఈ పద్ధతి వల్ల కలిగే హాని తక్కువ కావచ్చు. చర్మాన్ని కాల్చే చికిత్సల విషయంలో ప్రశంసతో ఆగిపోవడం బాధ్యతారాహిత్యమవుతుంది. అందుచేత ఈ చికిత్సల పట్ల భాష ఏమి గుర్తుంచుకున్నదో ముందు పరిశీలించాలి.

2. తెలుగు నుడిలో వేడి మెట్లు:
వేడిచికిత్సకు తెలుగులో మూడు ముఖ్యమైన మాటలున్నాయి. వేయించిన ఉప్పునో, ఇసుకనో గుడ్డలో మూటకట్టి నొప్పి ఉన్నచోట అద్దడం కాపడం. క్షణకాలం చురుక్కుమనిపించేది చురక. కాల్చిన లోహంతో చర్మంపై మచ్చ మిగిల్చేది వాత. ఇవి మూడూ వేడి తీవ్రతలో మెట్లు.

ఈ మాటల అలంకారప్రయోగం గమనింపదగినది. చురక వ్యంగ్యవిమర్శకు పర్యాయపదమైంది. పత్రికాభాషలో ‘చురకలు అంటించడం’ నిత్యప్రయోగం. ‘కర్రు కాల్చి వాత పెట్టడం’ రాజకీయ శిక్షను సూచిస్తుంది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్న సామెత గుడ్డి అనుకరణను ఎత్తిపొడుస్తుంది. అట్లకాడ కాల్చి వాత పెడతానన్నది పిల్లలను బెదిరించే తల్లుల మాట. వీటిలో ఎక్కడా స్వస్థత స్ఫురించదు. కాపడం మాత్రం అలంకారలోకంలోకి అంతగా వ్యాపించక, ఇంటిలోనే ఉండిపోయింది. నొప్పి కలిగించిన చికిత్స జాతీయంగా నిలిచింది. ఓదార్చిన చికిత్స దైనందిన క్రియగా మిగిలింది.

3. జపాన్ సంప్రదాయం:
‘మోక్సా’ అనే అంతర్జాతీయ పదం జపాన్ భాషలోని ‘మొగుసా’ నుంచి వచ్చింది. ‘యొమొగి’ అనే మొక్క ఆకులను ఎండబెట్టి, దంచి, జల్లించగా మిగిలే మెత్తని నూగు అది. దానిని చిన్న ముద్దలుగా చేసి నిర్ణీత స్థానాలలో వెలిగిస్తారు. యొమొగి అర్టిమీసియా ప్రజాతి మొక్క. వినాయకచవితి ఏకవింశతి పత్రాలలో మొదట వచ్చే మాచిపత్రి కూడా ఆ ప్రజాతికే చెందుతుంది. ఒకే ప్రజాతి ఆకు జపాన్‌లో చికిత్సాగ్నికి, తెలుగునాట పూజకు ప్రధానంగా చేరడం సంస్కృతుల ఎంపికలోని భేదాన్ని తెలుపుతుంది.

సాహిత్యసాక్ష్యం కూడా ఉంది. 1689లో ఉత్తర జపాన్ యాత్రకు బయలుదేరిన మత్సువో బషో తన యాత్రాగ్రంథం ‘ఒకు నో హొసొమిచి’ ఆరంభంలోనే, మోకాలి దిగువనున్న ‘సన్రి’ స్థానంలో మోక్సా వేసుకున్న సంగతి చెబుతాడు. చిరిగిన దుస్తులు బాగుచేసుకోవడంతో సమానంగా అది ప్రయాణసన్నాహంలో భాగం. అక్కడ వేడి శిక్ష కాదు, కాళ్లకు బలం.

అయినా జపాన్ భాషలో ‘మోక్సా వేయడం’ అనే జాతీయానికి గట్టిగా మందలించడం అనే అర్థం స్థిరపడింది. తెలుగు చురకకు ఇది సమాంతరం. చర్మంపై నేరుగా మండి మచ్చ మిగిల్చే పాత పద్ధతిని ఆ జాతీయం గుర్తుంచుకున్నది. చికిత్స మాత్రం అక్కడే ఆగలేదు. అంధుడైన సుగియామా వాయిచి (1610–1694) పేరుతో ముడిపడిన సన్నని గొట్టం ద్వారా సూదిని గుచ్చే పద్ధతి నొప్పిని తగ్గించింది. చర్మాన్ని తాకించడమేగాని గుచ్చని సూదులు, మచ్చపడకముందే తీసివేసే మోక్సా వాడుకలోకి వచ్చాయి. పసిపిల్లలకు చేసే ‘షోనిషిన్’లో పరికరంతో నిమరడం, తట్టడం మాత్రమే ఉంటాయి. నుడి పాత నొప్పిని దాచుకోగా, ఆచారం మృదుత్వం వైపు నడిచింది.

4. శాస్త్రం, ఆచారం:
వాతలను సమర్థించేవారు ప్రాచీనతను ప్రమాణంగా చూపుతారు. సుశ్రుతసంహిత సూత్రస్థానం 12వ అధ్యాయం అగ్నికర్మను విధించిన మాట నిజమే. అగ్నితో నయమైన రోగాలు తిరిగి రావని కూడా అది ప్రశంసిస్తుంది. ఆ అధ్యాయమే అగ్నికర్మకు తగనివారిని కూడా పేర్కొన్నది. ఆ జాబితాలో బాలురు, వృద్ధులు, దుర్బలులు, భీరువులు ఉన్నారు. శరత్తు, గ్రీష్మం సాధారణంగా వర్జ్యకాలాలు. కనుక పసిబిడ్డకు జబ్బు చేసినప్పుడు పొట్టపై వాత పెట్టే ఆచారానికి శాస్త్రసమ్మతి లేదు. పొరుగునున్న ఒడిశా నుంచి ఇటువంటి వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. విధిని స్వీకరించి నిషేధాన్ని మరచిన సంప్రదాయవాదం అసంపూర్ణ పఠనం.

వేడి అలవాటైనంత మాత్రాన మేలు కాదనడానికి శ్రీకాకుళమే నిదర్శనం. చుట్ట నిప్పుకొసను నోటిలోపల ఉంచి పీల్చే అడ్డపొగ ఇక్కడి తీరగ్రామాల స్త్రీలలో ప్రబలిన అలవాటు. 1971లో ప్రచురితమైన పిండ్‌బోర్గ్ బృందం అధ్యయనం 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అంగిలిపై ఈ అలవాటు కలిగించే వికారాలను నమోదు చేసింది. తరతరాల అలవాటు దానికి రక్షణ కాలేదు.

5. కథాసాక్ష్యం:
విజయనగరం కథకుడు చాసో (1915–1994) ‘వాయులీనం’ కథలో భార్య వైద్యానికి ఆమె ఫిడేలే అమ్ముడుపోతుంది. ఈ కథలో వైద్యం శరీరానికి మేలు చేసింది. వాత మరొకచోట పడింది. చికిత్సను విమర్శించేవారు ‘నయమైందా?’ అన్న ప్రశ్నతో పాటు ‘ఎవరు ఏమి చెల్లించారు?’ అన్న ప్రశ్న కూడా వేయాలని ఈ కథ నేర్పుతుంది. వాత విషయంలో చెల్లించేది నోరులేని బిడ్డ.

6. ముగింపు:
తులన వలన తేలినవి రెండు. మొదటిది, రెండు భాషలూ కాల్చే చికిత్సను మందలింపుగా గుర్తుంచుకోవడం. ఆ చికిత్సను అనుభవించినవారి తీర్పు ఆ జాతీయాలలో నిక్షిప్తమై ఉంది. రెండవది, సంప్రదాయం తన నొప్పిని తానే తగ్గించుకోగలదని జపాన్ ఉదాహరణ చూపడం. ఉత్తరాంధ్ర ఇంటివైద్యంలో అందుకు తగిన మృదుమార్గం కాపడం రూపంలో ముందునుంచే ఉన్నది. పరిశోధకుడు వాతను, కాపడాన్ని ఒకే పట్టికలో ఒకే గౌరవంతో చేర్చడం తటస్థత కాదు. వాటి మధ్య భేదాన్ని నుడి ఏనాడో గుర్తించింది. పరిశోధన కూడా గుర్తించాలి.