అరువు తెచ్చుకున్న జ్ఞాపకం

బడి ఆటల పోటీల మీద మనం రాసే కథల్లో ఒక తాత తరచుగా కనిపిస్తాడు. మనవడి పరుగు చూస్తాడు. తను బడిలో గెలిచిన పందెం తలుచుకుని కళ్ళు తుడుచుకుంటాడు. కథ బాగానే ఉంటుంది. కానీ ఆ తాత ఎవరి తాత?

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు బుట్టలల్లే ఎరుకల ఇళ్ళలో, చేపలు పట్టే యానాదుల గుడిసెల్లో అలాంటి తాత అరుదు. ఎరుకలను పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన చట్టం ఒకప్పుడు ఉండేది. చట్టం పోయినా ముద్ర పోలేదు. బడే అందని పిల్లలకు బడి ఆటల రోజు ఎక్కడిది?

అలాగని వాళ్ళకు ఆట లేదనగలమా? కాలువ గట్టున చెడుగుడు ఉంది, చింతచెట్టు మీద కోతికొమ్మచ్చి ఉంది, ఏటికి అడ్డంపడి ఈత ఉంది. ఆ చెడుగుడే కబడ్డీ పేరుతో 1990లో బీజింగ్ ఆసియా క్రీడలకెక్కింది. చదువు అందిన ఆదివాసీ బిడ్డ జైపాల్ సింగ్ ముండా 1928 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన మన హాకీ జట్టుకు నాయకుడు. మనవాళ్ళకు లేనిది బడి, ఆట కాదు.

అరువు జ్ఞాపకం రాస్తే జరిగిన అన్యాయమూ కనబడదు, ఆడిన ఆటా కనబడదు. అందుకే రాసే ముందు మన మామ్మలనే అడుగుదాం. పంతుళ్ళూ, ఆగస్టు 29న ఆ మామ్మకు కుర్చీ వేసి ఊరుకోకండి. ఆమె ఆడిన ఆటను ఆమె చేతే పిల్లలకు నేర్పించండి.