కొలువులో పచ్చిక

బొమ్మల కొలువుకు పేరంటానికి వచ్చినవాళ్లు పై మెట్ల మీది దేవుళ్లకు దణ్ణం పెడతారు. నా కళ్లు మాత్రం ముందు కింద పరిచిన పల్లెటూరి మీదికే పోతాయి. నాగలి పట్టిన కొండపల్లి రైతు కాళ్ల కింద నిజమైన పచ్చిక మొలిచి ఉంటే, ఆ కొలువు తీర్చిన ఇల్లాలికే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అంత పనితనం ఉంది అందులో. గుప్పెడు ఆవాలు చల్లి పచ్చిక అనిపించుకోవడం కాదు. ఆవాలు, మెంతులు త్వరగా మొలుస్తాయి, నిజమే. కానీ వాటికి వచ్చేవి కాడ కొసన రెండేసి ఆకులు. కూరమడి చూపించడానికి అవి భేషుగ్గా ఉంటాయి. గడ్డి కావాలంటే గడ్డిజాతి గింజే వేయాలి. గోధుమ గడ్డిజాతిదే అయినా, వారం తిరిగేసరికి నాలుగైదు అంగుళాలు లేచి, జానెడైనా లేని బొమ్మను ముంచేస్తుంది. పచ్చికబయలు కాస్తా చెరకుతోట అయిపోతుంది! అందుకే నా ఓటు రాగులకు. పోచ సన్నం, ఎదుగుదల నిదానం. బొమ్మ పాదం మునిగి మోకాలు కనబడే ఎత్తులో నిలుస్తుంది. దీనికి సాటి ఇంకొకటి ఉందంటే నేను ఒప్పుకోను.

లోతు లేని పళ్లెంలో జల్లించిన మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి రెండు వేళ్ల మందాన పరుస్తారు. రాత్రంతా నానిన రాగులను ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా చల్లాలి. ఏ పచ్చికబయలూ అంతటా ఒకే ఒత్తున ఉండదు. కాలిబాట పోయే చోట గింజ పడకూడదు. నీళ్లు చిలకరించాలే తప్ప ధారగా పోస్తే గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. పైన తడిగుడ్డ కప్పి, మొలక కనబడగానే తీసేయాలి. ఆలస్యం చేస్తే పోచలు పాలిపోతాయి. తర్వాత కిటికీ దగ్గర పెట్టి పూటపూటకూ పళ్లెం తిప్పుతుండాలి, లేకపోతే గడ్డంతా వెలుతురు వైపే వాలిపోతుంది.

బొమ్మను మాత్రం తడిమట్టిలో నిలబెట్టకూడదు. కొండపల్లి బొమ్మది తేలికైన తెల్లపొణికి కర్ర. చేతులూ కాళ్లూ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికినవి. పాదాల కింద చిన్న పెంకుముక్క పెట్టి, దాని మీద పొడిమట్టి చల్లాలి. 

గోదావరి వైపు ఒక పెద్దావిడ చేతిపని చూశాను. వడ్లు నానబెట్టి మండె కట్టి, ఇత్తడి తాంబాళంలో బురదమడి చేసి గట్లు వేశారావిడ. ఒక మడిలో నారు. పక్క మడిలో ఆ నారే పీకి వేలెడు ఎడంతో వేసిన నాట్లు. వరుసల మధ్య నీళ్లు మెరుస్తుంటే, నడుం వంచిన ఆడవాళ్ల బొమ్మలు నిజంగా నాట్లేస్తున్నట్టే ఉన్నాయి. విదేశాల్లో నమూనాలు చేసేవాళ్లు నైలాన్ పోగులకు విద్యుదావేశం ఇచ్చి, తడి జిగురు మీద గడ్డిలా నిటారుగా నిలబెడతారు. అదీ గొప్ప విద్యే. కానీ ఆ గడ్డి ఎదగదు. దసరా కొలువులో పాడ్యమినాటి పచ్చిక నవమికి ఇంకో ఎత్తులో ఉంటుంది. రోజూ వచ్చే పిల్లలు దాన్ని కొలుచుకుంటారు.

ఇప్పుడేమో బజారు నుంచి ప్లాస్టిక్ గడ్డిచాప తెచ్చి, కత్తిరించి పరిచేస్తున్నారు. ఆ మెరిసే పచ్చదనం ఏ పొలానిది? ఆవుబొమ్మ దాన్ని మేస్తున్నట్టు ఎవరు నమ్ముతారు? ఏటికొప్పాక లక్కబొమ్మలకు చెట్ల నుంచి వచ్చే సహజరంగులను తిరిగి తెచ్చిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్నాం. బొమ్మ ఒంటి రంగు కోసం ఒకరు అంత తపించిన నేల మీద, ఆ బొమ్మ కాళ్ల కింద ప్లాస్టిక్ పరచడానికి మనకు చేతులెలా వస్తున్నాయి?

ఖర్చా, గుప్పెడు రాగులు. దసరాకైతే మహాలయ పక్షం సగంలో చల్లుకోవాలి. సంక్రాంతి చలికి మొలక మెల్లగా లేస్తుంది కనుక జనవరి 1, 2 తేదీలకే పని మొదలుపెట్టాలి. కొలువు పోటీలు పెట్టే సంఘాలవారికి చేతులెత్తి ఒక మనవి: మెట్ల సంఖ్యకు, విద్యుద్దీపాలకు వేసే మార్కుల్లో కొన్ని ఇకనుంచి మొలిచిన పచ్చికకు వేయండి. ప్లాస్టిక్ చాప పరిచిన కొలువుకు మొదటి బహుమతి ఇవ్వకండి.