నష్టమునకు బాధ్యు లెవ్వరు?

2023 నవంబరు 30న దుబాయి శీతోష్ణస్థితి మహాసభలో 'నష్ట నిధి' అమలునకు ఆమోదము లభించినది. ఐదు దినములకు, డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దాపున తీరము దాటినది. మిరప, ప్రత్తి చేలు నీట మునిగినవి. నల్లరేగడిలో నీరు నిలిచినచో వేళ్ళకు ప్రాణవాయువు అందక మిరప వడలిపోవును. తడిసిన ప్రత్తి రంగు మారి ధర పడిపోవును.

ఈ నష్టమునకు ఆ నిధినుండి సాయము అడుగవచ్చును గాని పరిహారము కోరుటకు వీలులేదు. 2015 నాటి పారిస్ ఒడంబడిక 8వ అధికరణము నష్టమును గుర్తించినది. కాని దానితోపాటు చేసిన తీర్మానములోని 51వ పేరా, ఆ అధికరణము బాధ్యతకు గాని పరిహారమునకు గాని ఆధారము కాదన్నది. అమెరికా పట్టుబట్టి చేర్పించిన వాక్యమిది. ఈ సభలలో ఓట్లు లెక్కించరు, అందరి సమ్మతి కావలెను. మన ఊరి పంచాయతీకే అది దుర్లభము! అందుచే ఒక్కరు మొరాయించినను మాట పలుచనగును.

ఒక తుపానును ఫలానా దేశపు పొగకు అంటగట్టలేమని వారి వాదము. నిజమే. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా నీటి ఆవిరిని పట్టగలదు. ఆ వేడికి ఎవరి వాటా ఎంతయో లెక్కకు అందనిది కాదు.

బాధ్యత లేనిచోట మిగులునది దానమే. దుబాయిలో అమెరికా 1 కోటి 75 లక్షల డాలర్లు వాగ్దానము చేసినది. 2025 మార్చిలో నిధి పాలకమండలినుండియే తప్పుకొన్నది.