రాక, నివాసం, నీరు: పెనుకొండ సాహిత్యచిత్రణపై ఒక పరిశీలన

చారిత్రక పట్టణానికి వచ్చిన యాత్రికుని చూపు మొదట కోటగోడల మీద నిలుస్తుంది. అక్కడ కొన్నాళ్లు ఉండదలచినవానికి మొదట కావలసింది నీరు. పూర్వపు అనంతపురం జిల్లాలోని పెనుకొండను విజయనగర వైభవానికి శిథిల సాక్ష్యంగా మాత్రమే చదివితే ఈ రెండవ అంశం మరుగున పడుతుంది.

తెలుగు యాత్రారచనకు ఈ ఎరుక కొత్తది కాదు. 1830-31లో సాగిన తన ప్రయాణాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా రచించిన ఏనుగుల వీరాస్వామయ్య, క్షేత్రమాహాత్మ్యంతో పాటు మజిలీలోని వసతిని, నీటిని, అంగళ్లను కూడా నమోదు చేశాడు. కడప, శ్రీశైలాల మీదుగా సాగిన ఆయన దారిలో పెనుకొండ లేదు. అయినా ఆయన కొలమానం ఆ పట్టణానికి వర్తిస్తుంది.

1565 యుద్ధానంతరం తిరుమలరాయలు పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. రామరాజభూషణుడు 'వసుచరిత్ర'ను అంకితమిచ్చింది ఈ రాజుకే. ఆస్థానం అక్కడ నిలదొక్కుకోవడానికి గిరిదుర్గం ఒక్కటే చాలదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే నేల అది. అంతకు దాదాపు రెండు శతాబ్దాల ముందే, 1388 నాటి శాసనం ప్రకారం, పెన్నానది నీటిని పెనుకొండకు తెమ్మని బుక్కరాయలు ఆజ్ఞాపించగా, జలసూత్రజ్ఞుడు సింగయభట్టు సిరువెర చెరువుకు కాలువ తవ్వించాడు. రాజధాని కథకు ఈ కాలువ పూర్వరంగం.

చియ్యేడులో పుట్టి పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యంలోనే 'పెనుగొండ లక్ష్మి' రచించాడు. తరువాత విద్వాన్ పరీక్షలో అదే ఆయనకు పాఠ్యగ్రంథమైంది. రచించినవాడు నివాసి, కావ్యంలో ప్రధానమైనది గతవైభవ స్మృతి. 1950వ దశకంలో వెలువడిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో రంగడు, గంగమ్మల బ్రతుకుకు ఎండిన నదియే నేపథ్యం. అక్కడ శిథిలమైనది కోట కాదు, ఏరు.

ఖండకావ్యంలో బావుల లెక్క లేదని తప్పుపట్టడం విమర్శ కాదు. అయితే ఒక కావ్యాన్ని చారిత్రక స్మృతిగా, మరొకదాన్ని కరవు సాహిత్యంగా వేర్వేరు అరలలో పెట్టడం పునఃపరిశీలించదగినది. కోట నిలిచింది నీటి మీద. ఆ నీరు అదే పెన్నది. రెండు కావ్యాలూ ఒకే చరిత్రకు రెండు కొసలు. ఈ సంబంధాన్ని గుర్తించని పఠనం పెనుకొండకు వచ్చి చూసిపోతుందే గాని, అక్కడ నివసించదు.